నిపాతనమా? లక్షణసిద్ధమా? — అన్నా కూపరు గ్రంథమునకును ఎమ్ వీథి పాఠశాలకును గల సంబంధ విచారము

అమెరికా సంయుక్త రాష్ట్రముల నల్లజాతివారి వాఙ్మయమున 1892లోఁ బ్రకటితమైన "ఎ వాయిస్ ఫ్రమ్ ది సౌత్" అను వ్యాససంపుటికి స్థిరమైన స్థానము కలదు. "దక్షిణదేశమునుండి యొక కంఠస్వరము" అని యా పేరునకర్థము. ఒహాయో రాష్ట్రమందలి జీనియా పట్టణమున నచ్చైన యా పుస్తకముయొక్క ముఖపత్రముపైఁ గర్త్రి తన పేరు చెప్పుకొనక, తాను దక్షిణదేశపు నల్లజాతి స్త్రీనని మాత్రమే తెలుపుకొనినది. ఆమె అన్నా జూలియా కూపరు (1858–1964). ఈ గ్రంథమును వ్యాఖ్యానించిన వారిలోఁ బెక్కండ్రు దీనిని స్త్రీల స్వత్వములను గుఱించిన వాదగ్రంథముగా గణించిరి. వాషింగ్టను నగరమందలి ఎమ్ వీథి ఉన్నత పాఠశాల చరిత్రను వ్రాసినవారు వేఱొక తెగ. వారామెను బ్రధానోపాధ్యాయినిగా స్మరించి, గ్రంథమును ఒక పంక్తిలో ముగింతురు. ఈ విభాగము శాస్త్రదృష్టికి సరిపడదు. లక్ష్యమును విడిచి లక్షణమును జదువువారును, లక్షణమును విడిచి లక్ష్యములను బోగుచేయువారును వ్యాకరణమున నెట్లు దారి తప్పుదురో, ఇచటను అట్లే జరిగినది. గ్రంథము లక్షణము, పాఠశాల లక్ష్యము. రెంటిని సమన్వయించినఁగాని వానిలో నేదియుఁ దెలియదు.

మొదట లక్ష్యము. వాషింగ్టనులో దాస్యము 1862 ఏప్రిలులో రద్దయినది. ఆ యేఁటనే, నల్లజాతివారి యాస్తులపై వచ్చు పన్నులో నూటికి పదివంతులు వారి బిడ్డల చదువులకు వినియోగింపవలెనని కాంగ్రెసు సభ శాసించెను. 1870లోఁ బదునైదవ వీథి ప్రెస్బిటీరియను దేవాలయపు నేలమాళిగలో నొక పాఠశాల యారంభమైనది. ఆ దేశమున నల్లజాతివారికై ప్రభుత్వధనముతో వెలసిన మొదటి యున్నత పాఠశాల యిదియే. 1862లో ఓబర్లిను కళాశాలనుండి పట్టము వడసిన మేరీ జేన్ ప్యాటర్సనును, 1870లో హార్వర్డు కళాశాలనుండి పట్టము వడసిన నల్లజాతివారిలో మొదటివాఁడగు రిచర్డు గ్రీనరును దీనికిఁ దొలినాళ్ల ప్రధానోపాధ్యాయులు. 1891లో ఎమ్ అను నక్షరముతోఁ బిలువఁబడు వీథిలో దీనికి సొంత భవనమేర్పడినది. 1916లో వేఱొక చోటఁ గట్టిన పెద్ద భవనమునకు మాఱి, పాల్ లారెన్సు డన్‌బారు కవి పేరును దాల్చినది. 1899లో నగరమందలి యున్నత పాఠశాలలకెల్ల నొక్కటిగా జరిగిన పరీక్షలో నిచటి విద్యార్థులు తెల్లవారి మూఁడు పాఠశాలలలో రెంటిని మించిరి.

ఆ నగరమున బడులు రెండు తెగలు; తెల్లవారికొకటి, నల్లవారికొకటి. ఈ భేదము వైయాకరణుల యధికారసూత్రము వంటిది. అధికారసూత్రము తన స్థానమున వాక్యార్థమును బూర్తిగాఁ జెప్పదు. తరువాతి సూత్రములన్నిటిలో ననువర్తించి తన పని జరుపుకొనును. వాషింగ్టను బడుల నిబంధనలలో నుపాధ్యాయ నియామకమును గుఱించినదైనను, పాఠ్యక్రమమును గుఱించినదైనను, ఉన్నత పరీక్షలను గుఱించినదైనను, ప్రతిదానిలోను వర్ణమను పదము కంటికిఁ గనఁబడకయే యనువర్తించుచుండెను. ఇంత నిగూఢముగాఁ బనిచేయు పదమును దొలఁగించుటెట్లు? సూత్రమును సూత్రముగాఁ బట్టి దిద్దిన నది పోదు. దాని మొదటి స్థానమును బట్టుకొనవలెను. కూపరు చేసిన పని యిదియే.

గ్రంథమునకు రెండు భాగములు. మొదటిదానికి "సొప్రానో ఆబ్లిగాటో" అనియు, రెండవదానికి "టుట్టి ఆడ్ లిబిటం" అనియు సంగీతశాస్త్ర పరిభాషతో నామె పేరులు పెట్టినది. పాశ్చాత్య సంగీతమున ఆబ్లిగాటో యనఁగా విడువరాని స్వరపంక్తి. ఆడ్ లిబిటం అనఁగా నిష్టానుసారము పాడఁదగినది. పాణినీయులకు నిత్యవిధియు వికల్పమును స్ఫురింపక మానవు. మొదటి భాగమందలి నాలుగు వ్యాసములును స్త్రీవిషయకములు. ఆ స్త్రీకంఠము ముఖ్యమగు స్వరమేళనమున నలంకారమాత్రము కాదు, విడిచినచో గానమే చెడును అని భావము. పీఠికలో నీ భావమే న్యాయస్థాన రూపకమున వచ్చినది: దక్షిణదేశ వ్యవహారములో వాదిప్రతివాదులును, న్యాయవాదులును మాటలాడిరి గాని, అన్నిటికంటె నెక్కువ యెఱిఁగిన సాక్షి నింతవఱకు నెవరును బిలువలేదు. విభాగనామములును పీఠికయు నిట్లొక్క యర్థముననే నిలుచుట గ్రంథకర్త్రి రచనావధానమునకు నిదర్శనము. దీనిని గేవలాలంకారముగాఁ ద్రోసివేసిన వ్యాఖ్యాతలు తొందరపడిరి.

స్త్రీల యున్నతవిద్యను గుఱించిన వ్యాసములో నామె తన చిన్ననాఁటి బడిని వర్ణించిన ఘట్టము గ్రంథమునకంతకు మర్మస్థానము. ఆమె తల్లి హానా దాసి. ఉత్తర కెరొలైనాలోని రాలీ పట్టణమున నీమె దాస్యమందే పుట్టినది. యుద్ధానంతరమున నచట నెలకొల్పఁబడిన సెయింట్ అగస్టిను పాఠశాలలో నీమె తొమ్మిదేండ్ల ప్రాయమునఁ జేరినది. ఆ బడిలో మతాచార్యులు కాఁబోవు పురుషులకై తరగతి వెంబడి తరగతి యేర్పడుచుండెను. వారిలోఁ గొందఱు ఈమె పుట్టుటకు మునుపే యుపదేశములు చేయుచున్నవారు. గురువు ప్రశ్నయడిగి, నిద్రమబ్బు మొగములను జూచి విసిగి, ఎవరైనఁ జెప్పుఁడను నర్థమున నాంగ్లమునఁ బలుకును. ఆ మాట "ఆనీ" యను నీమె ముద్దుపేరును గూడ స్ఫురింపఁజేయును. ఈ శ్లేష యాయన కొక్కటే యున్నదని కూపరు నవ్వుచుఁ జెప్పును. పిదప గ్రీకు తరగతి పెట్టవలసి వచ్చినప్పుడు, ఇది మతవిద్యార్థులకుఁ బెట్టునదనియు, ఇష్టమున్న నీవును గూర్చుండవచ్చుననియు నాయన సెలవిచ్చెను.

ఈ వాక్యమునఁ గలదు విచారమంతయు. పురుషులకు గ్రీకు విధి, ఈమెకు వికల్పము. వారికొఱకు శాస్త్రము ప్రవర్తించినది. ఈమెకు నాయన దయ ప్రవర్తించినది. ఎంతటి చాలనివాఁడైనను, మతవిద్య జదువఁదలఁచితినని యొక మాట యన్నంతనే వానికి ధనమును బ్రోత్సాహమును లభించెననియు, తన పోషణము దాను జూచుకొను బాలిక వేసవిలోఁ జదువు చెప్పియు, బడి విడిచిన వెనుకఁ బనిచేసియుఁ గష్టపడవలసి వచ్చెననియు నామె వ్రాసినది. ఇచట నామె పురుషుల విద్యను దగ్గింపుఁడనలేదు, గురువును నిందింపలేదు. తనకు లభించినది సరియే గాని, లభించిన తీరు సరికాదని చూపినది. మన శాస్త్రములలో నధికారి యనఁగా నెవఁడను విచారము లేని తంత్రము లేదు. బ్రహ్మసూత్రములలో నపశూద్రాధికరణమను నదియే కలదు. దాని ఫలము నెన్ని తరములవారనుభవించిరో తెలుఁగు దేశపుఁ బాఠశాలల గడపలకుఁ దెలియును. కాఁబట్టి కూపరు లేవనెత్తిన ప్రశ్న యీ దేశపుఁ బండితుల చెవికిఁ గ్రొత్తది కాదు. క్రొత్తది, ఆ ప్రశ్నను గడప వెలుపల నిలిచినవారే యడుగుట.

స్త్రీత్వమును వర్ణమును గలసిన చోట నధికారమెట్లు శూన్యమగునో వేఱొక వ్యాసమున నామె చూపినది. రైలు నిలయమున రెండు గదులు. ఒకదానిపై స్త్రీలకనియు, రెండవదానిపై వర్ణము గలవారికనియు వ్రాఁత. తానే గదికిఁ జెందుదునని యామె తనలోఁ దాను వితర్కించుకొనును. రెండు సంజ్ఞలు నొక్క వ్యక్తియందుఁ బ్రాప్తించినపుడు నిర్ణయింపఁదగిన పరిభాష యా దేశపు శాసనములలో లేదు. పుటలకొలఁది వాదమున సాధింపరాని దానిని రెండు పలకలతో సాధించిన యీ ఘట్టము గ్రంథమున నుత్తమ భాగములలో నొకటి.

రెండవ భాగమున వాఙ్మయ విమర్శమునకు సంబంధించిన వ్యాసమొకటి కలదు. అమెరికా వాఙ్మయమున నల్లజాతివాఁడెట్లు చిత్రింపఁబడెనని విచారించు నీ వ్యాసము నేఁటికిని బాఠకులకుఁ బనికివచ్చును. ఆల్బియను టూర్జే నామె మెచ్చినది. నాఁటి విమర్శకులలో నగ్రగణ్యుఁడగు విలియం డీన్ హవెల్సు వ్రాసిన "ఆన్ ఇంపరేటివ్ డ్యూటీ" యను నవలను మాత్రము మెచ్చలేదు. ఆయన దూరమునుండి చూచినది కొంత, దానిని జాతికంతకు లక్షణముగాఁ జెప్పుట యెక్కువ యని యామె యాక్షేపము. తెల్లవారి కలము వ్రాసిన నల్లవాఁడే యింతవఱకుఁ గలఁడనియు, నల్లవాని చేతనే చిత్రింపఁబడిన నల్లవాఁ డింకను రాలేదనియు నామె సిద్ధాంతము. నాలుగేండ్లకు, 1896లో, అదే హవెల్సు డన్‌బారు కవి పద్యములను బ్రశంసించుచు, సాధుభాషలో వ్రాసినవానికంటె జానపదపు నల్లవారి యుచ్చారణమున వ్రాసినవానినే పైకెత్తెను. ఆ ప్రశంసవలన డన్‌బారునకుఁ గీర్తి వచ్చినది. అదియే తనకుఁ దీరని కీడు చేసినదని యాతఁడు పిదపఁ జింతించెను. కూపరు 1892లోఁ జెప్పిన దోషమునకు 1896 నాఁటి సమీక్ష యుదాహరణముగా వచ్చి చేరినదన్నమాట. ఈ రెంటిని గలిపి చదివినవారు తక్కువ.

ఇఁక నసలు విషయము. ఆ కాలపుఁ దెల్లజాతి రచయితలకు చదువుకొనిన నల్లవాఁడెదురైనపుడు వారు సత్యమును గాదనలేదు; నిపాతనము చేసిరి. నిపాతనమనఁగాఁ బ్రక్రియను జెప్పక సిద్ధరూపమును మాత్రము గ్రహించుట. ఇతఁ డిట్లున్నాఁడు, ఇట్లే గ్రహింపుఁడు, ఎట్లు సిద్ధించెనని యడుగకుఁడు, ఇతనినిఁ బట్టి యింకొకనిని సాధింపకుఁడు. ఒక్కొక్క ప్రతిభావంతుఁడును నొక్కొక్క యపవాదముగా నిలుచును, ఉత్సర్గము చెక్కుచెదరదు. "మన విలువ యెంత" యను వ్యాసములోఁ గూపరు దీనినే యెదుర్కొనినది. ఆఫ్రికాయు నచటివారును మునిఁగిపోయినచో లోకమున కేమి కొఱవడునని హెన్రీ వార్డు బీచరు వేసిన ప్రశ్నను దీసికొని, ఆమె కోపపడక లెక్క వేసినది. ఒక మనిషిని బెంచుటకుఁ బట్టిన వ్యయమెంత, అతఁడు లోకమునకు దిరిగి యిచ్చునదెంత యని. కొందఱి కీ వణిగ్భాష రుచింపలేదు. నిజమే, దాసులను సంతలో విలువకట్టిన దేశమున నీ రూపకము మనస్సును గలఁచును. కాని యామె యుద్దేశము ప్రక్రియను బయటఁబెట్టుటయే. విద్యయను వ్యయము పెట్టక ఫలమేదని యడుగుట తర్కవిరుద్ధము.

ఎమ్ వీథి పాఠశాల యీ లక్షణమునకు లక్ష్యము. 1887లో నచట నుపాధ్యాయినిగాఁ జేరిన కూపరు 1902లోఁ బ్రధానోపాధ్యాయిని యయ్యెను. ఆ యేఁటనే యదే నగరమున నల్లవారికై ఆర్మ్‌స్ట్రాంగు హస్తకళా పాఠశాల తెఱవఁబడినది. బుకర్ వాషింగ్టను సిద్ధాంతము నాఁడు పాలకుల కెల్లరకు నింపైనది. నల్లవారికిఁ జేతిపని చాలు, లాటినేల, గ్రీకేల యనుమాట నలుగడల వినఁబడుచుండెను. 1902–03 శీతకాలమున డ్యూబాయిసు పాఠశాలకు వచ్చి, నల్లవారి పాఠ్యక్రమమును గుదించు ధోరణిని విమర్శించుచు నుపన్యసించెను. కూపరు పాఠ్యక్రమమును దగ్గింపనీయలేదు. ఆమె శిష్యులు హార్వర్డు, యేల్, బ్రౌను మొదలగు విద్యాపీఠములలోఁ బ్రవేశము వడసిరి. ఉన్నత పాఠశాలలపై నధికారియగు పెర్సీ హ్యూసు మొదలగువారితో వివాదము పెరిగినది. శిక్షణ సడలినదనియు, చాలని విద్యార్థులయెడ నామెకు మెత్తదనము మెండనియు నాక్షేపణలు వచ్చినవి. 1906లో విద్యాసంఘము వారామెను మఱల నియమింపలేదు.

ఈ యాక్షేపణలలో రెండవది చింతింపఁదగినది. చాలని విద్యార్థిపై శ్రద్ధ చూపుట తప్పుగా నెన్నఁబడినది. ఏలయన, నిపాతనవాదికి మెఱికలు కావలెను. మందునిఁ గూడ నిలువఁబెట్టి పైకెత్తు బడి యుత్సర్గమునే కదల్చును. లక్షణమును బట్టి రూపము సిద్ధించునపుడు అది యొక్క పదమునకే పరిమితము కాదు. పాఠశాల ప్రమాదకరమైనది ప్రతిభావంతులవలనఁ గాదు, ప్రక్రియవలన.

పాఠశాలను బొగడువారును నీ సంగతి మఱతురు. చార్లెస్ హ్యూస్టను, విలియం హేస్టీ యను న్యాయవాదులు, రక్తనిధులను గూర్చి పరిశోధించిన వైద్యుఁడు చార్లెస్ డ్రూ, రాబర్టు వీవరు, ఎడ్వర్డు బ్రూకు అని పేరుల మాల గ్రుచ్చి విడుతురు. పేరులన్నియు నిజమే. కాని యిట్లు జాబితా వేయుటవలన మఱల నిపాతనములే మిగులును. వారినిఁ జదివించినదేదో యది చెప్పవలెను. మేరీ చర్చి టెరెలు లాటిను చెప్పినది. జెస్సీ ఫాసెటు ఫ్రెంచి చెప్పినది. కార్టర్ వుడ్సను 1912లో హార్వర్డు డాక్టరు పట్టము వడసియు నిచటనే పాఠము చెప్పుచుండెను. 1921లో డాక్టరు పట్టము వడసిన మొదటి నల్లజాతి స్త్రీలు మువ్వురుకును నీ పాఠశాలతో సంబంధము కలదు: జార్జియానా సింసను నిచట జర్మను భాష బోధించినది, ఈవా డైక్సు ఇచటఁ జదివి యిచటనే బోధించినది, శాడీ అలెగ్జాండరు ఇచటి విద్యార్థిని.

ఇచటనే యొక హేత్వాభాసము పుట్టినది. ఇట్టి పండితులు ఉన్నత పాఠశాలలోఁ జేరుటకుఁ గారణము, విశ్వవిద్యాలయములు వారిని నియమింపకపోవుట. ఫెడరలు ప్రభుత్వపు నగరమగుటచే నల్ల, తెల్ల యుపాధ్యాయులకు వేతనము సమానమగుటయు నొక కారణము. దీనినిఁ బట్టి వర్ణభేదమే యీ వైభవమును గలిగించినదని కొందఱు వాదింతురు. సూక్ష్మముగాఁ జూచిన, ప్యాటర్సనునకుఁ జదువు ఓబర్లినులో వచ్చినది. గ్రీనరు, వుడ్సనులకు హార్వర్డులో వచ్చినది. కూపరునకు నోబర్లినులోను, పిదప సోర్బోనులోను వచ్చినది. ఇవన్నియు ద్వారము తెఱచిన చోటులు. వర్ణభేదము విద్యను బుట్టింపలేదు; పుట్టిన విద్యను నొక గోడలోపల నాపినది. ఆనకట్ట వెనుక నీరు నిండుగా నుండుటను జూచి వానకుఁ గారణ మానకట్ట యన్నట్లుండును వారి వాదము.

వేఱొక పూర్వపక్షము మఱింత పదునైనది: లాటిను గ్రీకులు ప్రభువుల భాషలు, వానిని నేర్చుట యనుకరణమే కదా యని. దీనికి సమాధానము వాఙ్మయమునందే కలదు. మన గుఱ్ఱం జాషువ 1941 నాఁటి "గబ్బిలము"నఁ గాళిదాసు వేసిన సందేశకావ్యపుఁ బోఁతను గ్రహించి, దేవాలయప్రవేశము లేనివాని దుఃఖమును గబ్బిలముచేఁ గాశీనాథునకుఁ బంపెను. ఆ పోఁతను గ్రహించుటచే నాతని గొంతు పరునిది కాలేదు. ఎమ్ వీథి పాఠశాలలో 1918లో జదువు ముగించిన స్టెర్లింగు బ్రౌను 1932లోఁ బ్రకటించిన "సదరన్ రోడ్" కావ్యమునఁ బొలములలోను రైలుపట్టాల వెంబడిని బనిచేయువారి నుడిని నిండు గాంభీర్యముతోఁ బ్రయోగించెను. ఆ నుడికి హాస్యము, కరుణము తప్ప వేఱు రసము పట్టదని 1922లోఁ జెప్పిన జేమ్సు వెల్డను జాన్సనే యీ కావ్యమునకుఁ బీఠిక వ్రాసి మెచ్చుకొనెను. డన్‌బారును బాధించిన యుచ్చారణభాషను, డన్‌బారు పేరు గల బడిలోఁ బ్రాచీనభాషలు చదివిన కవి యిట్లుద్ధరించెను. గ్రాంథిక వ్యావహారిక వివాదమున మునిఁగి తేలిన తెలుఁగువారి కిది యాలోచింపఁదగిన యుదాహరణము. శిష్టభాషాజ్ఞానము పల్లెనుడిని జంపునన్న భయమును, పల్లెనుడి శిష్టతను జెఱచునన్న భయమును రెండు నిచట నిలువలేదు.

గ్రంథమునకు దోషములు లేకపోలేదు. మొదటి వ్యాసమునఁ దూర్పుదేశముల స్త్రీ లందఱు నజ్ఞానమున నిలిచిపోయిరని యొక్క పెట్టునఁ జెప్పుటయు, మహమ్మదీయ మతమును దేలికగాఁ ద్రోసివేయుటయుఁ గూపరునకుఁ దగదు. హవెల్సు చేసినదని యామె పట్టుకొనిన దోషమే యిది. దూరమునుండి చూచినది కొంత, చెప్పినది జాతికంతకు. పాఠశాలకును నింద కలదు. నగరమందలి నల్లవారిలో వృత్తిగల కుటుంబముల బిడ్డలకును, దేహచ్ఛాయ తేలికయైనవారికిని నచట నాదర మెక్కువయని చిరకాలము చెప్పుకొనిరి. అధికారవిచారము చేసినవారే తమలోఁ దాము మఱల నొక యధికారభేదమును గల్పించుకొనుట యన్ని సమాజములలోను గలదు.

1910లోఁ గూపరు లాటిను బోధించుటకు మఱల నదే పాఠశాలకు వచ్చెను. 1925లో, అఱువదియైదేండ్లు మీఱిన ప్రాయమున, ఫ్రెంచి విప్లవకాలమున దాస్యముపట్ల ఫ్రాన్సు దేశపు వైఖరిని గూర్చిన పరిశోధనకు సోర్బోను డాక్టరు పట్టమిచ్చినది. వాషింగ్టను బడులలో వర్ణభేదము రాజ్యాంగవిరుద్ధమని 1954లో "బోలింగ్ వర్సెస్ షార్ప్" వ్యాజ్యమునఁ దీర్పు వచ్చినది. ఆ వ్యాజ్యమునకు నాఁది వేసినది హ్యూస్టను. అతఁడు 1950లో మరణింపఁగా, వాదించినవారిలో నొకఁడు జార్జి హేసు. ఇద్దఱును ఎమ్ వీథి విద్యార్థులే. అధికారసూత్రమును దొలఁగించిన చేతు లా బడిలోనే పట్టువడినవి. తరువాత డన్‌బారు పాఠశాల తన పేట పిల్లల బడి యైనది. పూర్వవిద్యార్థు లెంత వారించినను 1916 నాఁటి భవనమును 1977లోఁ బడఁగొట్టిరి. 1891 నాఁటి ఎమ్ వీథి భవనము మాత్రము నిలిచియున్నది.

1930లోఁ గూపరు పాఠశాలనుండి విరమించి, పగలెల్లఁ గూలిపనులు చేసికొను పెద్దవారికై వెలసిన ఫ్రెలింగ్‌హైసెను విద్యాలయమునకు నధ్యక్షురాలయ్యెను. దానికి స్థలముండక పోఁగాఁ దరగతులను దన యింటికే మార్చెను. అందులో, చదువు బొత్తిగా రానివారి కేర్పఱచిన శాఖకు హానా స్టాన్లీ యని తన తల్లి పేరు పెట్టెను.